ముద్రారాక్షసమునందలి హత్యలు: కర్తృనిర్ణయము

విశాఖదత్తప్రణీతమగు ముద్రారాక్షసము 7 అంకముల నాటకము. ఇందు నాయిక లేదు, విదూషకుఁడు లేఁడు, శృంగారమునకుఁ జోటే లేదు. ఉన్నదెల్ల రాజ్యతంత్రము: గూఢచారులు, కపటలేఖలు, విషములు, హత్యలు. కావున దీనిని బఠించువారు తఱచుగా నీతిశాస్త్రమునకు లక్ష్యగ్రంథమని తలంచి, చాణక్యుని బుద్ధికి వెఱఁగుపడి, అంతతోఁ దృప్తి నొందుదురు. కాని యీ నాటకమున నవ్వు లేకపోలేదు. ఆ నవ్వు పుట్టుచోటు మాత్రము విలక్షణమైనది. అది హత్యలయందే పుట్టుచున్నది. చంపఁబూనినవాఁడు చచ్చుటయు, చంపఁదలఁపఁబడినవాఁడు బ్రతుకుటయు, నడుమ నేమియు నెఱుఁగని మూఁడవవాఁడు కూలుటయు నిందుఁ బలుమాఱు సంభవించును. ఇన్ని చావులకుఁ గర్త యెవఁడు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినఁగాని నవ్వునకుఁ గారణము తెలియదు. నాటకాంతమునందలి శాంతికి నర్థము తెలియదు.

కథాపూర్వభాగ మిట్టిది. నందులు నశించిరి. చాణక్యుఁడు పర్వతకుఁడను రాజునకు అర్ధరాజ్యము వాగ్దానము చేసి, వాని సేనల సాయమునఁ గుసుమపురమును ముట్టడించి, మౌర్యుఁడగు చంద్రగుప్తునకు రాజ్యము సమకూర్చెను. నందామాత్యుఁడగు రాక్షసుఁడు తన కుటుంబమును మిత్రుఁడగు మణికారశ్రేష్ఠి చందనదాసు నింట దాఁచి, నగరము విడిచి, పర్వతకుని కుమారుఁడగు మలయకేతువును జేరెను. నగరము వెలుపల మలయకేతుసేనలు, నగరము లోపల ఘాతకులు, ఇవి రాక్షసుని రెండు సాధనములు. చంద్రగుప్తుఁ డొక్కఁడు చచ్చిన మౌర్యరాజ్యము కూలునని యతని నమ్మకము.

ఈ ఘాతకులు చేసిన పనుల వృత్తాంతమే ద్వితీయాంకము. విరాధగుప్తుఁడను చారుఁడు పాములవాని వేషమున వచ్చి రాక్షసునకు నగరవార్తలు నివేదించును. ముట్టడివార్త యారంభింపఁగానే రాక్షసుఁడు కత్తి దూసి, లేని సేనల కాజ్ఞ లీయసాఁగెను. ఇది జరిగిపోయిన కథయనియు, తాను వర్ణించుచున్నాఁడనియు విరాధగుప్తుఁడు శాంతపఱుపవలసివచ్చెను. భూతమును వర్తమానముగా భ్రమించుట యీ మంత్రి స్వభావమని కవి మొదటనే సూచించెను. నందులు పోయినను వారి రాజ్య మింకను గలదని నమ్మువాఁడతఁడు.

మొదటివాఁడు దారువర్మ. ఇతఁడు సూత్రధారుఁడు, అనఁగా వడ్రంగి. చంద్రగుప్తుని నందభవనప్రవేశమునకై రాజద్వారమున యంత్రతోరణమును గట్టి, దానిని మౌర్యునిపైఁ బడవేయ నుద్దేశించెను. ఆజ్ఞ రాకమున్నే తోరణము సిద్ధమగుట చూచి చాణక్యుఁడు వాని నేర్పును బొగడి, తగిన ఫలము త్వరలోనే లభించునని పలికెను. పిమ్మటఁ బర్వతకుని తమ్ముఁడగు వైరోధకునకు (వైరోచకుఁడని పాఠాంతరము) అర్ధరాజ్య మిచ్చినట్లు ప్రకటించి, మౌర్యుఁడని భ్రమ పుట్టునట్లు వాని నలంకరించి, చంద్రగుప్తుని యేనుఁగైన చంద్రలేఖపై నెక్కించి ముందుగా నంపెను. మావటివాఁడగు బర్బరకుఁడును రాక్షసుని మనిషియే. బంగారుకఱ్ఱలో దాఁచిన చురకత్తిని వాఁడు తీయఁబోఁగా, దెబ్బ పడునని వెఱచి యేనుఁగు నడక మార్చెను. దాన లెక్క తప్పి, తోరణము బర్బరకునిపైఁ బడెను. ఇఁకఁ దనకుఁ జావు తప్పదని యెఱిఁగి దారువర్మ తోరణమునందలి యినుపమేకుతో నేనుఁగుపైనున్నవానిఁ గొట్టి చంపెను. చచ్చినవాఁడు వైరోధకుఁడు. సేవకులు దారువర్మను ఱాళ్లతోఁ గొట్టి చంపిరి. ఒక్క యంత్రమునకు మువ్వురు బలియైరి. చంద్రగుప్తుఁడు మాత్రము సురక్షితుఁడు.

వైద్యుఁడగు నభయదత్తుఁడు మందులో విషచూర్ణము గలిపెను. బంగారుపాత్రలో దాని వర్ణము మాఱుట చాణక్యుఁడు కనిపెట్టి, దానిని వైద్యునిచేతనే త్రావించెను. శయనాధికారియగు ప్రమోదకునకు హత్యకై మిక్కిలి ధన మీయఁబడఁగా, వాఁడు దానిని దాఁచుకొనక విచ్చలవిడిగా వెచ్చించి, యీ సొమ్మెక్కడిదని యడిగినపుడు పూఁటకొక మాట చెప్పి చిత్రవధకుఁ బాత్రుఁడయ్యెను. బీభత్సకాదులు శయనగృహపు గోడలోని సొరంగమున దాఁగిరి. గోడపగులునుండి చీమలబారు అన్నపుమెదుకులతో వెలువడుట చూచి చాణక్యుఁడు లోపల మనుష్యులున్నారని యూహించి, యిల్లు తగులఁబెట్టించెను. పొగచేఁ గన్ను గానక, వారు తాము త్రవ్వించిన దారినే కనుఁగొనలేక మడిసిరి. ఇంతటి రాజకుట్రకుఁ జీమలు సాక్షులైనవి.

ఈ వృత్తాంతమును గవి రంగముపైఁ జూపక చెప్పించుటకుఁ గారణము గలదు. వధను బ్రత్యక్షముగాఁ బ్రదర్శింపరాదని నాట్యశాస్త్రసంప్రదాయము. సామాన్యకవికి నిది బంధము; విశాఖదత్తున కిదియే సాధనము. ఏలన, వధను జూపినచో సామాజికుని దృష్టి చచ్చువానిపై నుండును. చెప్పించుటచే నది వినువానిపై నుండును. ఒక్కొక్కపేరు రాఁగానే రాక్షసుఁడు పని యైనదా యని యాశతో నడుగును. ప్రతిమాఱును బ్రత్యుత్తరము మరణమే, కాని కోరినవానిది కాదు. సామాజికుఁడు రెండవ సమాధానమునుండియే మూఁడవదాని నూహింపఁగలఁడు. రాక్షసుఁడు మాత్రము ప్రతిమాఱును గ్రొత్తగా నాశపడును. వైద్యుఁడు విషము త్రావి చచ్చెనని విన్నపుడు గొప్పవిజ్ఞానరాశి యంతరించెనని యతఁడు శోకించును. విషము గలుపుటయందు వ్యయమైన విజ్ఞానమది! శోకము నిజమైనదే, దాని యాలంబనము మాత్ర మనుచితము. అనౌచిత్యమున వెలసిన రసాభాసము హాస్యమునకు హేతువగునని యభినవగుప్తుని మతము. దానికి నింతకన్నఁ జక్కని లక్ష్యము దొరకుట యరిది.

ఇఁకఁ గర్తృవిచారము. పాణిని మతమునఁ గ్రియయందు స్వతంత్రుఁడు కర్త. క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణము. స్వతంత్రుని బ్రేరేపించువాఁడు ప్రయోజకుఁడు; వానికి హేతువనియుఁ గర్తయనియు రెండు సంజ్ఞలు గలవు. ఇచ్చట గమనింపవలసిన దేమనఁగా, ప్రేరణార్థమునఁ బ్రయోజకుఁడు చేరినను బ్రయోజ్యుని కర్తృత్వము పోదు. దేవదత్తునిచేత వండించినప్పుడు వండించువాఁడు యజ్ఞదత్తుఁడైనను, వండువాఁడు దేవదత్తుఁడే.

ఈ దృష్టితో విషకన్యకావృత్తాంతమును బరిశీలింపవలెను. చంద్రగుప్తునకై రాక్షసుఁడు ప్రయోగించిన విషకన్యకను జాణక్యుఁడు పర్వతకునివైపు మరల్చెను. అర్జునునకై కర్ణుఁడు దాఁచిన శక్తి ఘటోత్కచునిపై వ్యయమైనట్లు తన యాయుధము వ్యర్థమయ్యెనని రాక్షసుఁడే యొప్పుకొనును. పర్వతకుఁడు చచ్చుటచే నర్ధరాజ్యము పంచియిచ్చు పని చాణక్యునకుఁ దప్పెను. కాని నగరమున రాక్షసుఁడే చంపెనని వదంతి. ఆ వదంతిని బుట్టించినవాఁడు చాణక్యుఁడు. మలయకేతువునకు భాగురాయణుఁడు తొలుతఁ జాణక్యుఁడే చంపించెనని చెప్పెను. ఇతఁడును జాణక్యుని మనిషియే. తుదకుఁ బంచమాంకమున క్షపణకుఁడగు జీవసిద్ధి నోట రాక్షసుఁడే చంపించెనని మలయకేతువు వినును. వాఁడును జాణక్యుని మనిషియే. ఒక్క శవమునకు వేళకొక కర్తను గల్పించుచు, ప్రతికల్పనమునుండియు లాభము నొందినవాఁడు మాత్ర మొక్కఁడే. రాక్షసుఁడు తాను బ్రయోజకుఁడనని తలంచుచుండఁగాఁ జాణక్యుఁ డతనినే ప్రయోజ్యునిఁ జేసెను.

దారువర్మకుఁ గవి వాడిన సూత్రధారశబ్ద మిచ్చట సార్థకము. దానికి వడ్రంగియనియు, నాటకము నడపువాఁడనియు నర్థములు. దారువర్మ తానే యీ ప్రవేశోత్సవమును నడపుచున్నానని తలంచెను. నిజమైన సూత్రము మఱియొకనిచేత నుండెను.

రాక్షసుఁడు దీనిని గ్రహింపక వైరోధక బర్బరకులు దైవముచేతఁ జంపఁబడిరనును. అతని వాక్యమునఁ దృతీయాంతమగు కర్త దైవము. చాణక్యుఁడు తృతీయాంకమున దైవమును బ్రమాణీకరించువా రవిద్వాంసులని నిరసించును. ఇర్వురకును గల భేదమంతయు నింతమాత్రమే: ఒకఁడు కర్తృస్థానమున దైవము నుంచును, రెండవవాఁడు మనుష్యుని వెదకును.

పంచమాంకమున నవ్వు మఱింత చేఁదగును. కపటలేఖను నమ్మి మలయకేతువు తన పక్షమున నున్న రాజు లైదుగురను జంపించును. అందు మువ్వురు భూమిని గోరిరని లేఖ. వారిని గోతిలో మన్నుతోఁ గప్పుఁడనెను. తక్కినయిర్వు రేనుఁగులను గోరిరఁట. వారి నేనుఁగులచేతఁ ద్రొక్కింపుఁడనెను. కోరనివారికిఁ గోరిక యీడేర్చుట యిట్టిది. ఈ హత్యకుఁ జాణక్యుఁడు చేయి కదపలేదు. మలయకేతువు తన యాజ్ఞతోఁ దన బలమునే నఱికికొనెను.

ఇచ్చట నొక యాక్షేపము. ఇన్నింటికిఁ బ్రయోజకుఁడైన చాణక్యుఁడే ఘోరతరుఁడు గదా? నమ్మి వచ్చిన పర్వతక వైరోధకుల చావునకు సమాధాన మేది? కవి దీనిని దాఁచలేదు, సమర్థింపనులేదు. దారువర్మకై రాక్షసుఁడైనను వగచెను; వైరోధకునకై నాటకమున వగచినవాఁడు లేఁడు. నవ్వు నడుమ నీ నిశ్శబ్దము పాఠకుని చెవినిఁ బడకున్నచో నాటకము సగమే చదివినట్లు. అయినను బ్రయోజకుని దోషము ప్రయోజ్యుని దోషమును దుడిచివేయదు. విషకన్యకను సృష్టించినవాఁడు, విషచూర్ణమును గలిపించినవాఁడు రాక్షసుఁడే. గుఱి తప్పుట నిరపరాధిత్వము కాదు.

ఈ సిద్ధాంతమే నాటకాంతమున మఱియొకవైపునకుఁ దిరుగును. చందనదాసును వధ్యస్థానమునకుఁ గొనిపోవుచున్నారని షష్ఠాంకమున రాక్షసుఁడు వినును. అదియుఁ జాణక్యుఁడు పంపిన మనిషి నోటనే. కత్తితో విడిపింపఁబోఁగా, ఆయుధపాణిని జూచిన వధకులు త్వరపడి చంపుదురని తెలిసి, కత్తిని విడిచి, తన ప్రాణమునే మూల్యముగా నొసఁగఁబోవును. సప్తమాంకమునందలి వధకులు చండాలవేషములలో నున్న చాణక్యుని చారులు. అచ్చట నొక్కప్రాణమైనఁ బోదు. రాక్షసుఁడు చంద్రగుప్తునకు మంత్రి యగును, చందనదాసు విడువఁబడును, మలయకేతువునకుఁ బిత్రార్జితరాజ్యము దక్కును, చాణక్యుఁడు శిఖ ముడుచును.

ఈ సన్నివేశమంతయుఁ జాణక్యుఁడే పన్నెను. ఇందును బ్రయోజకుఁ డతఁడే. కాని మిత్రునకై ప్రాణ మిచ్చుటయందు స్వతంత్రుఁడు రాక్షసుఁడు. అతని యందు నా గుణము లేకున్నచోఁ జాణక్యుని పన్నాగ మంతయు నిష్ఫలమగును. ఇన్ని హత్యలు చేయించి యొక్కటియు సాధింపని రాక్షసుఁడు కత్తి పాఱవైచిన తోడనే మిత్రుని గాచుకొనెను. ద్వితీయాంకమును మృతుల పేర్ల పట్టికగాఁ జదివి దాఁటిపోవువారి కీ త్యాగముయొక్క బరువు తెలియదు. చీమలబారును, బంగారుపాత్రను, యినుపమేకును దలఁచి నవ్వినవారికే, కత్తి నేలఁబడిన చప్పుడు వినఁబడును.