కప్పు కాఫీల రైతు పాలెంత?

మా ఇంట్ల కాఫీ అలవాటు లేదు, చాయ్ తాగే ఇల్లు మాది. కాఫీ మొకం నేను సరిగ్గ చూసింది ఎమ్మెస్ చదువుకు అమెరికా పోయినంకనే. క్యాంపస్‌ల ఒక కాఫీ కౌంటర్ కాడ గంటల లెక్కన పని చేసిన. 2010ల ముచ్చట ఇది. ఒకనాడు నలుగురు స్టూడెంట్లు వచ్చి, "మీరు పోసే కాఫీ ఫెయిర్ ట్రేడేనా?" అని అడిగిన్రు. నాకు సమజ్ కాలే, తెల్వదన్న. ఒక కాగితం ముందల పెట్టి సంతకం చెయ్యమన్నరు. క్యాంపస్ మెస్సులల్ల, కౌంటర్లల్ల ఫెయిర్ ట్రేడ్ కాఫీనే కొనాలని యూనివర్సిటీకి రాసిన అర్జీ అది. నేను చెయ్యలే. కడుపు నిండినోళ్ల కాలక్షేపం అనుకున్న.

రెండు వారాలకు వాళ్లే ఒక మీటింగ్ పెట్టిన్రు. నికరాగువా దేశంల ఒక కాఫీ రైతుల సహకార సంఘం నుంచి ఒక పెద్దామె వచ్చింది. మా కౌంటర్ తరఫున కాఫీ పొయ్యనీకి పోయిన నేను ఎనకాల నిలబడి విన్న. పంట చేతికి రాకముందే ఇంట్ల పైసలు అయిపోతయట. అప్పుడు "కొయోతె" వస్తడట. కొయోతె అంటె తోడేలు తీరు జంతువు, అక్కడి రైతులు దళారికి పెట్టిన పేరు. వాడు అప్పిస్తడు, పంట వాడికే అమ్మాలె, రేటు వాడు చెప్పిందే.

నాకు మా బాపు యాదికొచ్చిండు. పత్తి ఇత్తనాలు, మందులు అడ్తి సేటు కాడ ఉద్దెర తెచ్చుడు, పత్తి తీసుకపోయి ఆయన కాంటకే పెట్టుడు. తేమ ఉందని ఇంత, తరుగని ఇంత కోసి, చేతుల పెట్టింది తీసుకొని వచ్చుడు. కాఫీ చెట్టు నేను చూడలే గని ఆమె చెప్పిన కథ నాకు కొత్త గాదు. ఆ రాత్రి సంతకం చేసిన.

ఫెయిర్ ట్రేడ్ అంటె దానం అనుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు. గరీబు రైతు మీద జాలితోని రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చుడు అని. అది కాదు. మన కనీస మద్దతు ధర లాంటిది, కాకుంటె ఇక్కడ సర్కారు కాదు, కొనేటోడు ఒప్పుకోవాలె. న్యూయార్క్ మార్కెట్ల రేటు ఎంత పడ్డా దానికి కింద కొనొద్దు. రేటు పెరిగితె ఆ పెరిగిన రేటే ఇయ్యాలె. దాని మీద ప్రీమియం అని ఇంకింత వేరేగ ఇయ్యాలె, దాన్ని బడికి పెట్టాల్నా, గోదాముకు పెట్టాల్నా అన్నది సంఘంల రైతులే తేల్చుకుంటరు. ఇంకోటి ఉన్నది, దాని గురించి ఎక్కువ మాట్లాడరు గని నా లెక్కల అదే అసలుది: సంఘం అడిగితె కాంట్రాక్టు విలువల 60 శాతం దాక కొనేటోడు ముందుగాల ఇచ్చే ఏర్పాటు. కొయోతె దుకాణం బంద్ అయ్యేది అక్కడనే. మా బాపుకు రేటు కంటె ముందు కావాల్సింది అదే ఉండె.

ఇది ఎట్ల పుట్టింది? మెక్సికోల ఒహాకా కొండలల్ల ఊసీరి అనే రైతుల సంఘం ఉన్నది. ఆ రైతుల తోటి పనిచేసిన ఫ్రాన్స్ వాండర్ హాఫ్ అనే పాదిరి, నీకో రోజెన్ అనే డచ్చాయన కలిసి 1988ల నెదర్లాండ్స్‌ల మాక్స్ హావెలార్ అని ఒక ముద్ర మొదలుపెట్టిన్రు. ఆ మరుసటేడే రైతుల మీద పిడుగు పడ్డది. ఏ దేశం ఎంత కాఫీ అమ్మాల్నో కోటాలు పెట్టి రేటు పడకుండ చూసిన అంతర్జాతీయ కాఫీ ఒప్పందం 1989ల కూలింది. అటెన్క రేటుకు అడుగు లేదు. 2001 వచ్చేసరికి పౌను, అంటె 454 గ్రాములు, 50 సెంట్ల కిందికి దిగింది. పండ్లు తెంపిన కూలి సుత ఎల్లలే, మస్తుమంది తోటలు ఇడిచి వలస పోయిన్రు. అప్పుడు ఫెయిర్ ట్రేడ్ రేటు ప్రీమియంతో కలిపి 1 డాలరు 26 సెంట్లు. ఆ తేడా మీదనే కొన్ని ఊర్లు నిలబడ్డయి.

ఇయ్యాల్టి లెక్క చూద్దాం. 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు కనీస రేటు పౌనుకు 1 డాలరు 80 సెంట్లు, ప్రీమియం 20 సెంట్లు. పచ్చి గింజ వేయించితె ఐదో వంతు దాక బరువు పోతది. కప్పుకు 12 గ్రాముల పొడి అనుకుంటె పౌనుకు 30 కప్పులు ఎల్తయి. అంటె కప్పుకు గింజల కనీస రేటు 6 సెంట్లు, ప్రీమియం ఒక్క సెంటు సుత కాదు. నేను రెండు డాలర్లకు అమ్మిన కప్పుల సంగతి ఇది! మల్ల ఆ 6 సెంట్లు సుత ఓడకెక్కించే కాడి రేటు. మిల్లు ఖర్చు, లారీ ఖర్చు సంఘం తీసుకున్నంకనే రైతుకు. అందుకే "ఫెయిర్ ట్రేడ్ కాఫీ పిరం, మేం భరించలేం" అని ఏ మేనేజర్ అన్నా నేను నమ్మ.

గిట్లని ముద్ర ఉంటె చాలు, అంతా మంచే అంటె నేను ఒప్పుకోను. సంఘంల చేరని రైతు, కూలికి పోయేటోడు దీని బయటనే ఉన్నరు. ముద్ర ఉన్న సంఘాలు సుత పంట మొత్తం ఆ రేటుకు అమ్ముకోలేవు, కొనేటోళ్లు అంతమంది లేరు, మిగిలింది మామూలు మార్కెట్‌కే పోతది. 2011ల ఫెయిర్ ట్రేడ్ యూఎస్ఏ అనే సంస్థ అంతర్జాతీయ సంఘం నుంచి బయటికొచ్చి, పెద్ద పెద్ద ఎస్టేట్ల కాఫీకి సుత ముద్ర ఇస్తమన్నది. చిన్న రైతు కోసం పెట్టిన ముద్ర ఎస్టేటు దొరకు ఎందుకని అమెరికా విద్యార్థుల సంఘమే దాని మీద తిరగబడ్డది. ఏండ్ల సంది ఆ ముద్ర కోసం సంతకాలు సేకరించినోళ్లే "ఇది మాకొద్దు" అన్నరు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అప్పుడే.

స్టూడెంట్ల చేతుల ఉన్న బలం వాళ్ల కప్పు కాదు. ఒకడు నెలకు ఒక ప్యాకెట్ కొంటడు. క్యాంపస్ మెస్ బస్తాలకు బస్తాలు కొంటది, అదీ కాంట్రాక్టు రాసుకొని. ఆ కాంట్రాక్టుల ఒక్క లైను మారితె సంఘానికి ఇంకిన్ని బస్తాలు కనీస రేటుకు పోతయి. 2003ల ఇంగ్లండుల ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ మొదటి ఫెయిర్ ట్రేడ్ యూనివర్సిటీ అయ్యింది గిట్లనే. 2000ల గ్లోబల్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ స్టార్‌బక్స్ దుకాణాల ముందల ధర్నాలకు పిలుపిస్తే, ధర్నా రోజు రాకముందే కంపెనీ ఫెయిర్ ట్రేడ్ కాఫీ అమ్ముతమని ఒప్పుకున్నది. మా యూనివర్సిటీ ఒప్పుకోనీకి ఏడాదిన్నర పట్టింది. మొదలుపెట్టినోళ్లల్ల ఇద్దరు అప్పటికే పాసై ఎల్లిపోయిన్రు.

ఇగ మన దిక్కు. అరకు, పాడేరు కొండలల్ల గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడల అరబికా పండిస్తరు, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తరు. అరకు కాఫీకి 2019ల జీఐ ముద్ర వచ్చింది, ప్యారిస్‌ల దుకాణం సుత పెట్టిన్రు. సంతోషం. కని జీఐ చెప్పేది ఎక్కడ పండిందని, ఆర్గానిక్ చెప్పేది మందులు కొట్టలేదని. రైతుకు ఎంత ముట్టిందో ఆ రెండిట్ల ఏదీ చెప్పదు. గిరిజనులు సావుకార్ల పాలు కావొద్దనే 1956ల గిరిజన సహకార సంస్థ పెట్టిన్రు, జీసీసీ అంటరు. అది సీజన్‌కు రేటు చెప్పి కాఫీ కొంటది. ప్రైవేటోళ్లు సుత కొంటరు. మనం ప్యాకెట్ కొనేటప్పుడు అడగాల్సింది ఇంతే: ఎవల కాడ కొన్నరు, రైతుకు కిలోకు ఎంతిచ్చిన్రు, పైసలు ఎన్ని రోజులకు ముట్టినయి? జవాబు చెప్పే దుకాణం కాడనే నేను కొంట. ఇప్పటిదాక అసొంటియి రెండే దొరికినయి.

మా మేనకోడలు హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ చదువుతది. నా కథ ఇని, "మా క్యాంటీన్‌ల సుత చేద్దాం మామా" అన్నది. బోర్డులు, నినాదాలు తర్వాత, ముందుగాల రెండు సంగతులు కనుక్కొమ్మన్న: కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతది, పొడి ఎక్కడికెళ్లి వస్తది. పోయి అడిగింది. "పొడి ఏడికెళ్లొస్తదో నాకేం ఎరుకమ్మా, ఏజెంట్ ఏసిపోతడు, దాంట్ల చికోరీ ఎంతో కాఫీ ఎంతో సుత తెల్వది" అన్నడట ఆయన. ఆమె ఏజెంట్ నెంబర్ తీసుకొని వచ్చింది. కాంట్రాక్టు మార్చిల అయిపోతదట.