గొర్రెకు లెక్క ఉంది, మేతకు హక్కు లేదు

2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్య 7.43 కోట్లు. అందులో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం రెండు తెలుగు రాష్ట్రాలవే. మొదటి స్థానం తెలంగాణది, రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఈ అంకెలను ప్రభుత్వాలు తమ ఘనతగా చెప్పుకుంటాయి. అయితే ఇన్ని జీవాలు ఏ భూమి మీద మేస్తున్నాయి? ఏ దారిన నడుస్తున్నాయి? ఆ భూమి మీద, ఆ దారి మీద కాపరికి ఉన్న హక్కు ఏమిటి? ఈ ప్రశ్నలకు రెవెన్యూ దస్త్రాల్లో సూటిగా జవాబు దొరకదు. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక భూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఈ సందర్భంలోనైనా గొల్ల, కురుమల బతుకును మందలోని తలల సంఖ్యతో కాక మేత హక్కుతో కొలవాలని నా ప్రతిపాదన.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో సిద్దిపేట జిల్లా కొండపాకలో గొర్రెల పంపిణీ పథకాన్ని ప్రారంభించింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. దాని ధర 1.25 లక్షల రూపాయలు. అందులో 75 శాతం ప్రభుత్వ రాయితీ కాగా, మిగిలిన 31,250 రూపాయలు లబ్ధిదారుడి వాటా. కాపరి కులాలను ఉత్పత్తిదారులుగా గుర్తించి ప్రభుత్వం ఇంత పెద్ద ఎత్తున ఖర్చు పెట్టడం చిన్న విషయం కాదు. 2012లో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 నాటికి 1.91 కోట్లకు చేరడంలో ఆ పథకానికీ పాత్ర ఉంది. తరువాతి కాలంలో కొనుగోళ్లలో, రవాణా బిల్లుల్లో జరిగిన అవకతవకలను కాగ్ ఎత్తిచూపింది. 2024లో అవినీతి నిరోధక శాఖ కేసులు నమోదు చేసింది. అప్పటినుంచి చర్చంతా దొంగ బిల్లుల చుట్టూనే తిరుగుతోంది. విచారణ జరగవలసిందే, దోషులకు శిక్ష పడవలసిందే. కానీ ఒక్క రూపాయి కూడా పక్కదారి పట్టకపోయినా ఆ పథకంలో మౌలికమైన లోపం ఒకటి మిగిలే ఉండేది. గొర్రెను ఇచ్చిన ప్రభుత్వం అది మేసే జాగాను ఇవ్వలేదు. ఊరికి వెయ్యి గొర్రెలు కొత్తగా వచ్చినంత మాత్రాన ఆ ఊరి పచ్చిక ఒక్క ఎకరమైనా పెరగదు. పొరుగు ప్రాంతాల నుంచి లారీల్లో దిగిన జీవాలు కొత్త నీటికి, కొత్త మేతకు అలవాటు పడాలి. మేత లేని కుటుంబానికి మిగిలే దారి వాటిని అమ్ముకోవడమే. అలా అమ్ముకున్నవారిని లబ్ధిదారుల దురాశకు ఉదాహరణగా చూపడం అన్యాయం.

మేత భూమి ఎలా తరిగిపోయిందో మన మాటల్లోనే నమోదై ఉంది. పోరంబోకు అనేది ఎవరి పేరా పట్టా కాని ప్రభుత్వ, ఉమ్మడి భూమికి రెవెన్యూ పరిభాష. అదే మాట ఇవాళ తెలుగులో ఒక తిట్టు. శిస్తు రాని నేలను పనికిరాని నేలగా లెక్కగట్టిన పాలనా దృష్టి మన నాలుక మీద కూడా స్థిరపడిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. రెవెన్యూ అధికారికి బీడుగా కనిపించేది కాపరికి పొలమే. తొలకరికి మొలిచే గడ్డి, ఎండాకాలం రాలే తుమ్మకాయ, గట్ల మీది రేగు ఆకు అతని పంట. తెలంగాణలో ఇటువంటి గడ్డి భూములను కంచెలు అంటారు. 2025 వసంతంలో దేశమంతా కంచె గచ్చిబౌలిలోని 400 ఎకరాల గురించి మాట్లాడింది. చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపింది. చెట్ల గురించి, నెమళ్ల గురించి, జింకల గురించి విలువైన చర్చ జరిగింది. ఆ ఊరి పేరులోని ‘కంచె’ ఎవరి బతుకును గుర్తు చేస్తోందన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలో పెద్దగా వినిపించలేదు.

ఈ మౌనానికి ప్రగతిశీల రాజకీయాలు కూడా బాధ్యత వహించాలి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తూటాలకు నేలకొరిగి, తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడైన దొడ్డి కొమరయ్య కురుమ కుటుంబంలో పుట్టినవాడు. ఆ పోరాటం నుంచి వచ్చిన గొప్ప నినాదం దున్నేవాడికే భూమి. అది చరిత్రను మలుపు తిప్పింది. అయితే దున్నేవాడికి దొరికిన గుర్తింపు మేపేవాడికి దొరకలేదు. కౌలుదారుకు, సాగుదారుకు చట్టం వచ్చింది. పచ్చికను వాడుకునేవాడికి ఏ రక్షణా రాలేదు. తరువాతి దశాబ్దాల్లో ప్రభుత్వ భూములను భూమిలేని పేదలకు, ముఖ్యంగా దళితులకు పంచడం న్యాయమైన పని. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ భూస్వాముల మిగులు భూముల జోలికి గట్టిగా వెళ్లని రాజ్యం, ఊరుమ్మడి నేలను పంచి ఇద్దరు పేదలను ఎదురెదురుగా నిలబెట్టింది. ఇవాళ మిగిలిన నేల ఆ పేదలిద్దరికీ దక్కడం లేదు. పారిశ్రామిక వాడలకు, వెంచర్లకు, సౌర విద్యుత్ ప్లాంట్లకు వెళుతోంది. 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే సుమారు 5,900 ఎకరాల్లో విస్తరించింది. సౌర విద్యుత్తు అవసరాన్ని నేను కాదనడం లేదు. అటువంటి కంచె పడేముందు అక్కడ ఎవరి జీవాలు మేస్తున్నాయో లెక్కించే పద్ధతి ఉందా అని అడుగుతున్నాను.

ఊరి మేత చాలనప్పుడు కాపరి నడుస్తాడు. కోతలు ముగిసే వేళకు పాలమూరు మందలు కృష్ణా ఆయకట్టు వైపు, నల్లమల అంచుల వైపు వలస పోవడం తరాల నాటి ఆనవాయితీ. కోసిన పొలంలో రాత్రి మంద పెట్టించుకుంటే నేలకు ఎరువు దక్కుతుంది. ప్రతిఫలంగా రైతు గింజలో, డబ్బో ఇస్తాడు. ఇది ఇద్దరికీ లాభసాటి అయిన పాత ఒప్పందం. ఇప్పుడా ఒప్పందం సడలుతోంది. బోర్ల కింద ఒక పంట తీయగానే మరో పంట వేయడంతో పొలం ఖాళీగా ఉండే రోజులు తగ్గాయి. యంత్రంతో కోసిన చోట కొయ్యకాళ్లను తగలబెడుతున్నారు. పత్తి విస్తరించిన చోట పురుగుమందు భయం వెంటాడుతుంది. పాత బాటలు జాతీయ రహదారులుగా మారాక మందను రోడ్డు దాటించడమే ప్రాణాలతో చెలగాటం.

అడవి తలుపు సంగతి మరీ విచిత్రం. 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(1)(డి), స్థిరంగా ఉండేవారికీ వలస వచ్చేవారికీ మేత హక్కును, సంచార పశుపోషకుల రుతుకాల హక్కులను స్పష్టంగా గుర్తించింది. అయితే ఆదివాసేతరులు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిపై ఆధారపడి ఉన్నామని నిరూపించాలి. నడక మీద బతికినవాడి దగ్గర 75 ఏళ్ల నాటి కాగితం ఎలా ఉంటుంది? నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతపు పొడ తూర్పు పశువులను 2020లో జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. పశువుకు గుర్తింపు పత్రం వచ్చింది. దాన్ని తరతరాలుగా అడవిలో మేపి ఆ జాతిని నిలబెట్టిన మనిషి మాత్రం అదే అడవిలో అనుమతి కోసం నిలబడాలి.

మార్కెట్ కూడా మందను మార్చింది. దక్కను పీఠభూమిది నల్ల ఉన్ని గొర్రె. కరువుకు, దూరపు నడకకు తట్టుకునే ఈ దక్కనీ జాతి ఉన్నితోనే కురుమలు గొంగడి నేశారు. కాపరి మేపుతూ కదురు తిప్పేవాడు, ఇంట్లో స్త్రీలు నూలు వడికేవారు, చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేసేవారు. వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రికి పరుపు అన్నీ అదే. మిల్లు రగ్గులు వచ్చాక గొంగడి గిరాకీ పడిపోయింది. మాంసానికి ధర పెరగడంతో ఉన్ని లేని, బరువు తూగే నెల్లూరు పొట్టేళ్లతో దక్కనీ మందలను దాటించారు. ఈ మార్పు తెలంగాణకే పరిమితం కాదు. దేశంలో గొర్రెల సంఖ్య 2012 నుంచి 2019కి 6.51 కోట్ల నుంచి 7.43 కోట్లకు పెరిగింది. ఉన్ని ఉత్పత్తి మాత్రం 2014-15లో 4.81 కోట్ల కిలోలు ఉండగా, 2022-23 నాటికి 3.36 కోట్ల కిలోలకు తగ్గింది. కాపరి అజ్ఞానం వల్ల ఇది జరగలేదు. కత్తిరింపు కూలి కూడా గిట్టని ఉన్నిని మోయమని ఎవరికీ చెప్పలేం. అయితే మాంసం మార్కెట్ లాభమైనా అతనికి పూర్తిగా దక్కుతోందా? దుకాణంలో మాంసం గ్రాముల లెక్కన అమ్ముతారు. సంతలో గొర్రెపిల్లకు మాత్రం చూపుతోనే బేరం కుదురుస్తారు. తూకం లేని బేరంలో ఎవరు నష్టపోతారో చెప్పనక్కరలేదు.

ఇక్కడ కులం ప్రశ్నకు వద్దాం. నా విద్యార్థుల్లో కాపరి కుటుంబాల నుంచి వచ్చినవారు ఏటా ఉంటారు. తండ్రి వృత్తి అన్న గడిలో వారిలో చాలామంది వ్యవసాయం అని రాస్తారు. గొర్రెల పెంపకం అని రాస్తే ఏమవుతుందో వారికి తెలుసు. మన భాషలో తెలివితక్కువతనానికి గొర్రె, గుడ్డి అనుసరణకు గొర్రెల మంద ఉపమానాలు. చిటుకు రోగాన్నీ, పారుడు రోగాన్నీ తొలి లక్షణాల్లోనే పసిగట్టే జ్ఞానం, వందల జీవాల్లో ప్రతిదాన్నీ ముఖం చూసి గుర్తుపట్టే జ్ఞానం ఏ పాఠ్యపుస్తకంలోనూ చదువుగా లెక్కకు రాలేదు. ఆ పిల్లలు వృత్తిని దాచుకోవడం వారి లోపం కాదు, వారికి సమాజం నేర్పిన పాఠం.

అందుకే కులవృత్తుల పునరుద్ధరణ అన్న మాట వినిపించినప్పుడు నేను జాగ్రత్త పడతాను. కులం పనులతో పాటు పనిచేసే మనుషులను కూడా మెట్లుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే వివరించారు. గొల్ల బిడ్డ గొర్రెలే కాయాలన్న ధోరణి ఎంత తీపిగా చెప్పినా అది మను నీతే. అదే సమయంలో, కాచేవారంతా వృత్తి వదిలి నగరానికి వచ్చి కాపలా ఉద్యోగాల్లో చేరడమే ప్రగతి అన్న వాదనా అంతే అన్యాయం. రిజర్వేషన్ వృత్తి నుంచి బయటికి వచ్చేందుకు తలుపు తీస్తుంది. వృత్తిలో ఉండిపోయినవాడికి రక్షణ ఇవ్వదు. రెండూ కావాలి. ఒకే పని చేసేవారిని మహారాష్ట్ర ధన్‌గర్లుగా సంచార తెగల జాబితాలో పెట్టి 3.5 శాతం కోటా ఇచ్చింది. కర్ణాటకలో కురుబలు 2-ఏ వర్గం. మన దగ్గర కురుమలు బీసీ-బి, గొల్లలు బీసీ-డి. జాబితాల మార్పు కోసం ఉద్యమాలు నడుస్తున్నాయి. ఏ జాబితాలో ఉన్నా ఆ సర్టిఫికెట్ మందకు ఒక్క బాటను కూడా తెరవదు.

మేత హక్కు పుట్టుకకు కాక పనికి చెందాలి. పొడ తూర్పు పశువులను మేపే లంబాడాలు, నాలుగు మేకలతో బతికే దళిత, ముస్లిం స్త్రీలు, పెద్ద మందల వెంట జీతానికి నడిచే యువకులు అందరూ కాపరులే. హక్కును కులం పేరుతో మాత్రమే ఇస్తే, గొర్రె వెంట ఏనాడూ నడవని కుల పెద్దలు దాన్ని అందుకుంటారు. ఎండలో నడిచే జీతగాడు అక్కడే మిగులుతాడు.

చేయవలసింది అసాధ్యమేమీ కాదు. 2024 అక్టోబర్‌లో మొదలైన 21వ పశుగణనలో పశుపోషక సముదాయాల వివరాలను తొలిసారిగా సేకరించారు. ఆ వివరాలను గ్రామాల వారీగా ప్రకటించాలి. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామాలకు అప్పగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు ప్రకారం ప్రతి ఊరి మేత భూమికీ, వలస బాటకూ రిజిస్టరు తెరవాలి. కాపరులు కూర్చున్న గ్రామసభ ఒప్పుకోనిదే ఆ నేలను మరొక అవసరానికి మళ్లించకూడదు. అటవీ చట్టం ఇచ్చిన మేత హక్కుకు పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా స్వీకరించాలి. నిబంధనలు అందుకు అవకాశం ఇస్తున్నాయి కూడా. వలస దారుల్లో టీకాలు, సంతల్లో తూకం, జీతగాళ్లకు వేతన రక్షణ, ప్రమాద బీమా ఉండాలి. సహకార సంఘాల్లో స్త్రీలకు సమాన సభ్యత్వం ఉండాలి.

ఎన్నికల వేదిక మీద భుజాన గొంగడి కప్పుకుని గొర్రెపిల్లను ఎత్తుకోని నాయకుడు అరుదు. ఇకపై అటువంటి సభల్లో విద్యార్థులు, సంఘాల నాయకులు ఒక్క ప్రశ్న అడగాలి. ఈ ఊరి మేత భూమి సర్వే నంబరు ఏది, అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?