నర్సింగ్ చదువు – చేరేముందు తెలుసుకోవలసిన సంగతులు

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఓ.పి.కి వచ్చే తల్లిదండ్రులు చాలామంది మందుల చీటీతో పాటు ఒక ప్రశ్న కూడా తెస్తారు. "సిస్టరుగారూ, మా అమ్మాయిని నర్సింగులో చేర్పిస్తే ఉద్యోగం వస్తుందా?" అని. మాచర్ల, గురజాల వైపు కుటుంబాలు ఫీజు కట్టాలంటే మిరప అమ్మిన డబ్బు తీయాలి, లేదా వడ్డీకి తేవాలి. కనుక తొందరపడి అవుననో కాదనో చెప్పలేము. తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తున్నాము.

మన ప్రాంతానికి ఈ వృత్తి కొత్త కాదు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేవరకు మనమంతా గుంటూరు జిల్లా వాళ్ళమే. ఆ గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ 1898లో అక్కడ మిషన్ ఆసుపత్రి ప్రారంభించారు. వేలూరు సి.ఎం.సి.లో 1909లో నర్సుల శిక్షణ, 1946లో డిగ్రీ చదువు మొదలయ్యాయి. మా తరంలో డిప్లొమా చేతికి వస్తే చాలు, అదే ఆసుపత్రిలో రిటైరు అయ్యేదాకా గడిచిపోయేది. ఇప్పుడు అలా కుదరదు. చదువు, అనుభవం రెండూ పెంచుకుంటూ పోవాలి.

ఏ కోర్సుకు ఏ దారి?

ఏ.ఎన్.ఎం. రెండేళ్ళు. పల్లెల్లో తల్లీబిడ్డల సేవ, టీకాలు దీనిలో ముఖ్యం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు ఈ చదువు ఉన్నవారికి ఎన్నో పోస్టులు దొరికాయి. కానీ అలాంటి పెద్ద నోటిఫికేషన్ ఏటా రాదు.

జి.ఎన్.ఎం. మూడేళ్ళ డిప్లొమా. దీనితో చదువు ఆగిపోనక్కరలేదు. తరువాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.యస్సీ. చేస్తే డిగ్రీ వస్తుంది.

బి.యస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక మన రాష్ట్రంలో గ్రామ ఆరోగ్య కేంద్రాలలో ఎం.ఎల్.హెచ్.పి. ఉద్యోగాలకు ఈ డిగ్రీ వారినే తీసుకున్నారు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల కోసం 2020 నుండి నార్సెట్ పరీక్ష జరుగుతున్నది. డిప్లొమా వారు కూడా 50 పడకలైనా ఉన్న ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉంటే ఈ పరీక్ష వ్రాయవచ్చును. అందుకే మొదటి ఉద్యోగంలో జీతం ఒక్కటే చూడకండి. ఎన్ని పడకలున్నాయి, ఐ.సి.యు. ఉన్నదా, అనుభవపత్రం ఇస్తారా అని అడగండి.

చేరేముందు చూడవలసినవి

బోర్డు మీద "గుర్తింపు పొందినది" అని వ్రాసినంత మాత్రాన నమ్మవద్దు. కాలేజీ పేరు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాలోనూ, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలోనూ, అదీ మీరు చేరే సంవత్సరానికి ఉన్నదేమో చూడండి. గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేనిదే నర్సుగా పనిచేసే అర్హత లేదు. మూడేళ్ళు, అంత డబ్బు పోయాక ఏడ్చి లాభం లేదు. కొన్ని నెలల్లో "నర్సింగ్ సర్టిఫికెట్" ఇస్తామనే చోట్లతో మరీ జాగ్రత్త.

జీతం సంగతి

సుప్రీంకోర్టు ఆదేశంపై వేసిన నిపుణుల కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని 2016లో సిఫారసు చేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలన్నది. ఇది చాలాచోట్ల అమలు కావడం లేదు. అయినా మాట్లాడుకునేటప్పుడు మీ అమ్మాయికి ఈ లెక్క తెలిసి ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించి రావద్దు.

విదేశాలు

ఇంగ్లండుకు ఇంగ్లీషు పరీక్షతో పాటు వారి నర్సింగ్ కౌన్సిల్ పరీక్షలు, అమెరికాకు ఎన్‌క్లెక్స్, జర్మనీకి జర్మన్ భాష కావాలి. సౌదీ, కువైట్ వంటి దేశాలకు వెళ్ళే నర్సులకు 2015 నుండి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అయింది. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. అతడు తీసుకోదగిన ఫీజు 30,000 రూపాయలు, పైన జి.ఎస్.టి. మాత్రమే. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. "నర్సు ఉద్యోగం" అని చెప్పి "కేర్ వర్కర్" కాగితాలు చేతిలో పెట్టేవారు కూడా ఉన్నారు. ఇంగ్లండు 2025 జూలై 22 నుండి బయటి దేశాల నుండి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపివేసింది.

చివరిగా ఒక్క మాట. రాత్రి డ్యూటీలు, రక్తం, మలమూత్రాలు, విసుక్కునే బంధువులు – ఇవన్నీ ఈ పనిలో భాగమే. అమ్మాయికి ఇష్టం ఉన్నదా అని ముందు ఆమెనే అడగండి. ఇష్టం ఉన్న పిల్లకు ఈ వృత్తిలో ఒక దారి మూసుకుంటే మరొకటి దొరుకుతుంది. డబ్బు కట్టకముందే కాలేజీ కాగితాలు తీసుకుని మా నర్సింగ్ ఆఫీసుకు రండి. కలిసి చూద్దాము.