అరబ్బీ గుర్రం: అందం తర్వాత, ఓర్పు ముందు

పెళ్లి బారాత్‌లో తెల్ల గుర్రం కనిపిస్తే చాలు, ‘అరబ్బీ గుర్రం’ అనేస్తాం. నిజానికి తెలుపు ఆ జాతి గుర్తు కాదు. అరబ్బీ గుర్రాల్లో ఎరుపు, గోధుమ, బూడిద, నలుపు రంగులవీ ఉంటాయి. తెల్లగా కనిపించేవి కూడా చాలావరకు ముదురు రంగులో పుట్టి, వయసు పెరిగేకొద్దీ తెల్లబడినవే. వాటి వెంట్రుకల కింద చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. ఎడారి ఎండను తట్టుకోవడానికి ఆ నలుపు పనికొస్తుంది.

మరి అరబ్బీని అరబ్బీగా నిలబెట్టిందేమిటి? యుద్ధం, ప్రయాణం, పందెం, ప్రదర్శన, పిల్లలకు స్వారీ నేర్పడం... ఇన్ని పనులకు ఒకే జాతి ఎలా పనికొచ్చింది? దీనికి జవాబు దాని అందంలో లేదు. దాన్ని పెంచిన ఎడారిలో, ఎడారి మనుషుల అవసరంలో ఉంది.

పుట్టుక ఎక్కడ?

ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న పెంపుడు గుర్రాల మూలం నల్లసముద్రానికి ఉత్తరాన, వోల్గా, డాన్ నదుల దిగువన ఉన్న గడ్డి మైదానాలని 2021లో వెలువడిన పురాతన డీఎన్ఏ పరిశోధన తేల్చింది. అక్కడి నుంచి నాలుగు వేల ఏళ్ల కిందట గుర్రాలు నలుదిక్కులా పాకాయి. పశ్చిమాసియాకు చేరిన గుర్రాలను అరబ్బు తెగలు, ముఖ్యంగా బదూలు, తరతరాలుగా ఏరి పెంచితే తయారైన జాతే అరబ్బీ.

బదూల జీవితం ఒంటె మీద నడిచేది. దూర ప్రయాణానికి, బరువుకు, పాలకు ఒంటే ఆధారం. గుర్రం ఉన్నది దాడికి, దాడి నుంచి తప్పించుకోవడానికి. ఆ రెండు వేళల్లో గుర్రం సత్తువ మీదే మనిషి ప్రాణం ఆధారపడేది. అందుకే నీళ్లు కరవైన చోట గుర్రాలకు ఒంటె పాలు పట్టేవారు, ఖర్జూరాలు పెట్టేవారు. విలువైన ఆడగుర్రాన్ని రాత్రిళ్లు గుడారంలోనే కట్టేసేవారు.

ఆడగుర్రం అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. దాడులకు వాళ్లు మగగుర్రం కన్నా ఆడదాన్నే ఎక్కువ ఇష్టపడేవారు. శత్రువుల గుర్రాలను చూసి అది సకిలించి గుట్టు రట్టు చేయదని నమ్మకం. వంశాన్ని కూడా తల్లి వైపు నుంచే లెక్కగట్టేవారు. కుహైలాన్, సక్లావీ, ఉబయ్యాన్, హమ్‌దానీ, హద్బాన్ అనే ఐదు వంశాలు బాగా పేరు పొందాయి. వీటినే ‘అల్ ఖమ్సా’, అంటే ‘ఆ ఐదు’ అంటారు. దాహంతో నీటి వైపు పరుగెత్తుతున్న గుర్రాలను ప్రవక్త ముహమ్మద్ (స) వెనక్కి పిలిస్తే, నీళ్లు తాగకుండా తిరిగొచ్చిన ఐదు ఆడగుర్రాల సంతతే ఇవన్న గాథ ప్రచారంలో ఉంది. దానికి చారిత్రక ఆధారం దొరకలేదు. కానీ ఆ గాథ మెచ్చుకున్నది ఏమిటో చూడండి. రూపాన్ని కాదు, దాహంలోనూ మాట వినే గుణాన్ని.

కలగలుపు లేని వంశం వాటిని ‘అసీల్’ అనేవారు. ఈ మాట మనకు కొత్తది కాదు. కోడిపందేల అసీల్ కోడికి పేరొచ్చింది ఈ అరబ్బీ మాట నుంచే.

ఒంటి తీరు

అరబ్బీ పెద్ద గుర్రం కాదు. మూపు దగ్గర ఎత్తు సుమారు 145 నుంచి 155 సెంటీమీటర్లు. బరువు 360 నుంచి 450 కిలోల వరకు ఉంటుంది. నుదురు వెడల్పు, మూతి సన్నం, కళ్లు పెద్దవి. కళ్లకూ ముక్కుకూ మధ్య ముఖం కాస్త లోపలికి వంగి ఉంటుంది. మెడ విల్లులా వంగుతుంది, పరుగెత్తేటప్పుడు తోక పైకి లేస్తుంది. చాలా అరబ్బీ గుర్రాలకు ఇతర జాతుల కన్నా ఒక జత పక్కటెముకలు, ఒక నడుము వెన్నుపూస తక్కువ. వీపు పొట్టిగా, గట్టిగా ఉండటానికి అదో కారణమంటారు. అయితే అన్ని అరబ్బీలకూ ఈ లెక్క వర్తించదు.

ఈ లక్షణాల్లో చాలావాటికి పని ఉంది. పెద్ద ముక్కుపుటాలు ఎక్కువ గాలి పీలుస్తాయి. పలుచని చర్మం, బక్కపలుచని కండ ఒంటి వేడిని త్వరగా బయటికి పంపుతాయి. కండరాల్లో మెల్లగా అలసిపోయే తంతువుల పాలు ఎక్కువ. అందుకే కొద్ది దూరపు పందెంలో థారోబ్రెడ్ దీన్ని సులువుగా దాటేస్తుంది. వంద కిలోమీటర్లు దాటాక మాత్రం లెక్క మారుతుంది.

ఇక స్వభావం. మనుషుల మధ్య పెరిగిన జాతి కాబట్టి అరబ్బీ త్వరగా మచ్చిక అవుతుంది, త్వరగా నేర్చుకుంటుంది. మంచితో పాటు చెడునూ అంతే వేగంగా నేర్చుకుంటుంది. మొరటుగా కళ్లెం లాగే రౌతును చాలా కాలం గుర్తుపెట్టుకుంటుంది. నెమ్మదిగా చేయించే మనిషి దొరికితే పిల్లలను కూడా మోస్తుంది.

తోక తెచ్చినా డబ్బు

అరబ్బీ గుర్రం కోసం దక్కను రాజులు పడ్డ తపన చరిత్రలో ఉంది. ఇక్కడి వాతావరణం గుర్రాల పెంపకానికి అంతగా నప్పదు. కానీ అశ్వదళం లేకుండా యుద్ధం గెలవలేరు. దాంతో హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఓడల్లో గుర్రాలు తెప్పించుకోవాల్సి వచ్చేది. 16వ శతాబ్దంలో విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఒక విచిత్రమైన సంగతి చెప్పాడు. సాళువ నరసింహుడు గుర్రాలను బతికున్నా చచ్చినా కొనేవాడట. సముద్రంలో చనిపోయిన గుర్రం తోక తెచ్చి చూపించినా బతికున్నదానికి ఇచ్చినట్టే డబ్బు ఇచ్చేవాడట. ఓడలో నష్టం వస్తుందని భయపడి వర్తకులు గుర్రాలు తేవడం మానేస్తే తన రాజ్యానికే ముప్పని ఆయనకు తెలుసు.

శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెబుతూ, గుర్రాలు, ఏనుగులు, రత్నాల వంటివి దిగుమతి అయ్యేలా రేవులను బాగుచేయాలని సలహా ఇచ్చింది కూడా ఇందుకే.

అన్ని జాతుల్లోనూ దీని రక్తం

వేరే జాతిని మెరుగుపరచాలంటే అరబ్బీ మగగుర్రాన్ని తెచ్చి జతకట్టించడం యూరప్‌లో మూడు శతాబ్దాల పాటు సాగింది. సిరియాలోని అలెప్పో నుంచి 1704లో ఇంగ్లండుకు వెళ్లిన డార్లీ అరేబియన్ అందులో అన్నిటికన్నా ప్రసిద్ధం. నేటి థారోబ్రెడ్ గుర్రాల్లో తండ్రి వైపు వంశం చూస్తే 90 శాతానికి పైగా దానికే చేరుతాయి. మన మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగెత్తేవి థారోబ్రెడ్లే. రష్యాలోని ఓర్లోవ్, ఆస్ట్రియాకు పేరు తెచ్చిన లిపిజానర్ జాతుల పుట్టుకలోనూ అరబ్బీ మగగుర్రాల పాత్ర ఉంది.

ఇక్కడో మెలిక ఉంది. తండ్రి వంశం ఒక్కటే మొత్తం రక్తం కాదు. జన్యువులన్నీ కలిపి చూస్తే థారోబ్రెడ్‌లో అరబ్బీ పాలు అనుకున్నంత లేదని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది. పైగా రేసుల కోసం పెంచే కొన్ని ‘అరబ్బీ’ గుర్రాల్లో ఈమధ్య కాలంలో కలిసిన థారోబ్రెడ్ రక్తం కనిపించింది. వేగం కోసం అసీల్‌నే పలుచన చేసుకున్నారన్నమాట.

జాతిని కాపాడినవాళ్లలో లేడీ ఆన్ బ్లంట్ పేరు ముందు చెప్పుకోవాలి. కవి బైరన్ మనవరాలు, కంప్యూటర్ చరిత్రలో పేరున్న ఆదా లవ్‌లేస్ కూతురు ఈమె. భర్త విల్‌ఫ్రిడ్‌తో కలిసి బదూల గుడారాల మధ్య తిరిగి గుర్రాలు కొన్నారు. 1878లో ఇంగ్లండులో క్రాబెట్ అశ్వశాల పెట్టారు. పోలండులో 1817లో మొదలైన యానోవ్ పొద్లాస్కి అశ్వశాల రెండు ప్రపంచ యుద్ధాల్లో గుర్రాలను పోగొట్టుకుని మళ్లీ నిలబడింది. అక్కడి వేలంలో 2015లో పెపిటా అనే ఆడగుర్రం 14 లక్షల యూరోలు పలికింది.

ఇప్పటి ఉపయోగాలు

అరబ్బీ అసలు సత్తా కనిపించేది దూరపు స్వారీ పోటీల్లో. కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌లో కొండదారుల్లో 160 కిలోమీటర్లు 24 గంటల్లోపు దాటాలి. దాన్ని మొదలుపెట్టిన వెండెల్ రోబీ మొదటి ఏడు ఎక్కింది బాండోస్ అనే అరబ్బీ గుర్రాన్నే. బయలుదేరిన గుర్రాల్లో దాదాపు సగమే చివరిదాకా చేరతాయి. దారి మధ్యలో పశువైద్యులు ఆపి గుండె వేగం చూస్తారు, నడకలో కుంటితనం ఉందేమో చూస్తారు. అంతర్జాతీయ పోటీల్లో నిర్ణీత సమయంలో గుండె వేగం నిమిషానికి 64కు దిగకపోతే గుర్రాన్ని అక్కడే ఆపేస్తారు. టెవిస్‌లో గెలిచిన గుర్రానికే కాకుండా, మొదటి పదింటిలో అన్నిటికన్నా ఆరోగ్యంగా చేరిన గుర్రానికి కూడా హాగిన్ కప్ అని వేరే బహుమతి ఉంది.

ఇది కాక చదును నేల మీద రేసులు, అందాల ప్రదర్శనలు, జంపింగ్, పశువుల కాపలా, వైకల్యం ఉన్న పిల్లలకు స్వారీ చికిత్స... అన్నిట్లోనూ అరబ్బీ, అరబ్బీ కలిసిన గుర్రాలు కనిపిస్తాయి. ఒక్కో పనిలో దాన్ని మించిన జాతి ఉండొచ్చు. ఇన్నిటికీ పనికొచ్చేవి మాత్రం అరుదు.

ముప్పు ఎక్కడుంది?

మెచ్చుకునేవాళ్లు ఎక్కువయ్యాకే ఈ జాతికి కొత్త కష్టాలు వచ్చాయి. మొదటిది జబ్బులు. దగ్గరి వంశాల్లోనే జతకట్టించడం వల్ల కొన్ని జన్యులోపాలు పాతుకుపోయాయి. వాటిలో ‘సిడ్’ అనే లోపంతో పుట్టిన పిల్లకు రోగనిరోధక శక్తే ఉండదు, కొద్ది నెలల్లోనే చనిపోతుంది. లోపాన్ని మోసే తల్లి, తండ్రి పైకి పూర్తి ఆరోగ్యంగానే ఉంటాయి. అలాంటి రెండింటిని జతకడితే, పుట్టే ప్రతి పిల్లకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 1997 నుంచి దీనికి డీఎన్ఏ పరీక్ష అందుబాటులో ఉంది. జతకట్టే ముందు పరీక్ష చేయిస్తే జబ్బుతో పిల్ల పుట్టదు.

రెండోది ప్రదర్శనల మోజు. ముఖం ఎంత లోపలికి వంగితే అంత గొప్ప అన్న పోటీ పెరిగి, కొన్ని గుర్రాల ముఖాలు మరీ సొట్టబోయినట్టు తయారయ్యాయి. దాంతో ఊపిరికే ఇబ్బంది రాదా అని పశువైద్యులు అడుగుతున్నారు.

మూడోది వేగం మోజు. ఓర్పు పోటీని ఇసుక మైదానంలో పరుగుపందెంగా మార్చేసరికి గుర్రాల కాళ్లు విరిగాయి, ప్రాణాలు పోయాయి. గుర్రాల సంక్షేమం విషయంలో అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2015 మార్చిలో యూఏఈ జాతీయ సమాఖ్యను సస్పెండ్ చేసింది. నిబంధనలు కఠినం చేయడానికి ఒప్పందం కుదిరాక అదే ఏడాది జూలైలో ఎత్తేసింది.

బదూలు గుర్రాన్ని అద్దంలా తళతళలాడించడానికి పెంచలేదు. రేపు కూడా అది తమను మోయాలి కాబట్టి దాని గుండె, కాళ్లు, ఊపిరి చూసుకున్నారు. ఆ మూడూ సరిగ్గా ఉన్నన్నాళ్లూ అందం దానంతటదే వచ్చింది. అరబ్బీని ఇప్పుడు కొనేవాళ్లు, పెంచేవాళ్లు కూడా ముఖం చూసే ముందు ఆ మూడూ చూస్తే చాలు. జన్యుపరీక్ష కాగితం అడిగితే ఇంకా మంచిది.