మంట ఆరాకే మంజూరు

పేదోడి కొంప కాలితే ఇంత అని సర్కారు లెక్క కట్టి పెట్టింది. కాలకుండా చేసే మరమ్మతుకే పద్దు లేదు.

చిలకలూరిపేట, పర్చూరు నల్లరేగడి ఊళ్లలో మార్చి వచ్చిందంటే ఇంటి చుట్టూ మండే సరుకే. గోడవారన పొయ్యిలోకని పేర్చిన పత్తికట్టె, ఆ పక్కన గడ్డివామి, కల్లంలో గలగలలాడే ఎండుమిరప. తాటాకు కప్పుల రోజుల్లో ఒక గుడిసె అంటుకుంటే, గాలివాటాన వరసంతా బూడిదయ్యేది.

ఆ భయాన్ని తగ్గించింది పక్కా ఇల్లే. 1983లో వచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం బలహీన వర్గాలకు పెద్దఎత్తున ఇళ్లు కట్టించింది. 1999లో దీపం పథకం గ్యాస్ పొయ్యి తెచ్చింది. 2006లో ఇందిరమ్మ ఇళ్లు మొదలయ్యాయి. కప్పు మారింది, పొయ్యి మారింది. నిప్పు మాత్రం కరెంటు తీగలోకి చేరింది.

ఫ్యూజులో లావుతీగ

పాత కాలనీల్లో రెండు బల్బులకూ ఒక ఫ్యానుకూ లాగిన వైరు మీదే ఇప్పుడు ఫ్రిజ్, కూలర్, మిక్సీ నడుస్తున్నాయి. ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోందని లావుపాటి రాగితీగ చుట్టేస్తారు. ఇక ఫ్యూజు పోదు, దాని బదులు గోడలో వైరు కాగుతుంది.

పట్టణాల్లో పేదలకు సర్కారు కట్టించిన టిడ్కో ఫ్లాట్లది ఇంకో తీరు. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు, జీ ప్లస్ త్రీ. కాంక్రీటు గోడ అంటుకోదు. కానీ నేషనల్ బిల్డింగ్ కోడ్ 15 మీటర్లు, ఆపైన ఉన్నవాటినే ఎత్తైన భవనాలంటుంది. ఇవి అంతకు తక్కువే కాబట్టి వాటికుండే కట్టుదిట్టాలు వీటికి రావు. మెట్లకింద బండ్లు, సామాను పెట్టకుండా చూసుకునే భారం కాపురమున్నవాళ్లదే.

ఎటు చూసినా డబ్బుంది

ఇల్లు కట్టుకుంటే పునాదికి, శ్లాబుకు దశలవారీగా బిల్లు పడుతుంది. కాలిపోతే విపత్తు సహాయ నిధి నియమాల ప్రకారం గుడిసెకు 8,000, మైదాన ప్రాంతంలో పూర్తిగా నాశనమైన ఇంటికి 1.20 లక్షల రూపాయలు. ఫైరింజన్లు, ఫైర్ స్టేషన్లు పెంచడానికి 2023లో కేంద్రం 5,000 కోట్లతో పథకం పెట్టింది. ముప్పై ఏళ్ల వైరింగ్ మార్చే పని ఈ మూడింట్లో దేని కిందికీ రాదు.

కాలకముందే మరమ్మతుకు డబ్బు పెట్టాలన్న పాఠం లండన్ ప్రాణాలు పోయాక నేర్చుకుంది. 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్‌లో ఒక ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట, గోడలకు తొడిగిన పలకలు పట్టుకుని పైకి ఎగబాకింది. 72 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడు అక్కడి ప్రభుత్వం సామాజిక గృహాలకున్న అలాంటి పలకలు తీయించడానికి 40 కోట్ల పౌండ్లు ప్రకటించింది.

మనకు ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు మోస్తున్న ఓడ పేలి, మంటలార్పబోయిన సిబ్బంది బలైన రోజు ఏప్రిల్ 14. ఆ వారం కరపత్రాలతో సరిపెట్టకుండా, గ్రామ, వార్డు సచివాలయాల్లోని ఇంజనీరింగ్, ఎనర్జీ అసిస్టెంట్లను పాత కాలనీల్లో ఇంటింటికీ పంపొచ్చు. పాడైన వైరు మార్చి, లోడు మించితే కరెంటు ఆపేసే ఎంసీబీ బిగించే ఖర్చు కాలిన ఇంటికిచ్చే సాయంలో కొద్ది భాగమే. మనుషులున్నారు, వారం ఉంది. రావలసింది ఆ ఖర్చుకు పద్దు చూపే జీవో.