బొగ్గు బాయి, పరీక్షా మందిరము

బొగ్గు బాయిలో క్రొత్తచోట పని మొదలు పెట్టుటకు పూర్వము అనుభవముగల కార్మికుడు ఇనుప కడ్డీతో తలపైనున్న కప్పును తట్టి, చెవియొగ్గి వినును. ఖంగున మ్రోగినచో కప్పు గట్టిది. డొల్ల శబ్దము వచ్చినచో పొర విడినదన్నమాట, అచ్చట నిలువరాదు. కంటికి రెండును ఒకే తీరున నల్లగా కనిపించును. తట్టిననేగాని తేడా తెలియదు. బెల్లంపల్లిలో ఈ విద్య తండ్రుల నుండి కొడుకులకు వచ్చినది. నేడు పుస్తకము ముందు కూర్చున్న ఆ యింటి బిడ్డకును ఇదే విద్య అక్కరకు వచ్చును.

1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఆ దశాబ్దము చివర బెల్లంపల్లిలో గనులు తెరచినారు. కాజీపేట-బల్లార్షా రైలుమార్గముతో ఊరు పెరిగినది. తండ్రి దిగిన బాయిలోనే కొడుకును దిగుట చిరకాలము ఇచ్చటి రివాజు. ఆ పని కష్టమైనను నమ్మకమైనది. కాలక్రమమున ఊరిచుట్టునున్న భూగర్భ గనులు పెక్కు మూతపడినవి. నిన్న బాయి ఇచ్చిన భరోసాను నేడు పరీక్ష ఇయ్యవలసి వచ్చినది. పరీక్ష కేవలము మార్కుల వ్యవహారము కాక, ఇంటిల్లిపాది బ్రతుకు ప్రశ్న అయినది అందువలననే.

పోటీ పరీక్ష అందరికిని ఒకే ప్రశ్నపత్రము నిచ్చును. కాని అందరిని ఒకే దూరము నడిపింపదు. ఇండియన్ సివిల్ సర్వీసునకు పోటీ పరీక్ష 1855లో లండనులో ఆరంభమైనది. అందు ఉత్తీర్ణుడైన తొలి భారతీయుడు సత్యేంద్రనాథ్ టాగూరు. అది 1863వ సంవత్సరము. 1922 వరకు ఆ పరీక్షకై సముద్రము దాటవలసియే ఉండెను. ఇప్పుడు ఆ సముద్రము లేదు గాని, పల్లెకును పట్టణమునకును, తెలుగునకును ఇంగ్లీషునకును నడుమ దూరమున్నది. దానిని తగ్గించుటకే 1971లో సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసినది. బెల్లంపల్లిలోనే సాంఘిక సంక్షేమ గురుకులము వారి ప్రతిభా కేంద్రము కలదు. అచ్చట చదివిన పేదయింటి బాలురు ఇంజనీరింగు, వైద్య కళాశాలలలో స్థానములు సంపాదించినారు.

భాష విషయమున కొంత వెసులుబాటు కలిగినది. నీట్ పరీక్షను 2017 నుండి, జేఈఈ మెయిన్‌ను 2021 నుండి తెలుగులోను వ్రాయవచ్చును. కాని జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో తెలుగు లేదు. డిగ్రీ ముగించినవారు వ్రాయు గేట్ పరీక్ష ఇంగ్లీషులోనే జరుగును. కనుక ఉపాధ్యాయుడు త్వరణమనునప్పుడే ఎక్స్‌లరేషన్ అనియు చెప్పి, రెండు పదములను ఒకే భావమునకు ముడివేయవలెను. భావము తల్లిభాషలో నాటుకొన్న పిమ్మట పరభాషాపదము భారము కాదు.

ఇక చదువు పద్ధతి. 2006లో రోడిగర్, కార్పికె అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము జరిపిరి. ఒక పాఠమును కొందరు విద్యార్థులు మరల మరల చదివిరి. కొందరు చదివి, చూడకుండ గుర్తు తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా మరల చదివినవారే మిన్న. వారము తరువాత పరీక్షింపగా గుర్తు తెచ్చుకొని వ్రాసినవారు మిన్న. పదిమార్లు చదివిన పుట పరిచయమైనట్లు తోచును. ఆ పరిచయమునే జ్ఞానమని భ్రమపడుట సహజము. పుస్తకము మూసి, తెల్లకాగితముపై వ్రాయుటయే కప్పును తట్టుట.

కాలముతో పరిచయము కూడ కావలెను. తెలంగాణ ఈఏపీసెట్‌లో మూడు గంటలలో 160 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి దాదాపు 67 సెకన్లు. నీట్‌లో 180 నిమిషములకు 180 ప్రశ్నలు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి రెండు నిమిషములపైన దొరకును. ఈఏపీసెట్‌లో తప్పునకు కోత లేదు గనుక ఏ ప్రశ్నను ఖాళీగా విడువరాదు. నీట్‌లో ఒప్పునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత. నాలుగింటిలో ఏదో ఒకటి గ్రుడ్డిగా గుర్తించినచో సగటున దక్కునది పావు మార్కు మాత్రమే. రెండు తప్పులను ఏరివేయగలిగినచో ఒకటిన్నర మార్కు. అదృష్టము కన్న సగము తెలివియైనను ఆరు రెట్లు మేలని ఈ లెక్కయే చెప్పుచున్నది.

అయితే లెక్కలకు లొంగని విషయమొకటి కలదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసుకొన్నారు. ఆ ఫలితములలో పొరపాట్లు దొర్లిన సంగతియు తరువాత బయటపడినది. కాగితముపై ముద్రించిన అంకె తప్పు కావచ్చును. ఒప్పేయైనను అది మనిషి విలువ కాదు. మందలింపునకు ముందు ఇంటివారు "అన్నము తిన్నావా?" అని అడుగుట, ఉపాధ్యాయుడు ఓడిన విద్యార్థి ఇంటికి స్వయముగా వెళ్ళుట, ఇవియు పరీక్షా సన్నాహములోని భాగములే.

తలుపు ఒక్కటే కాదు. ఇంజనీరింగు, వైద్యము దక్కనివారికి ఎడ్‌సెట్, లాసెట్, ఐసెట్ కలవు. గని శాస్త్రము చదివినవారికి గేట్‌లో మైనింగు ఇంజనీరింగు పత్రము కలదు. డొల్ల శబ్దము వినబడినంత మాత్రమున బాయి కార్మికుడు పనిని విడిచిపోడు. వెనుకకు జరిగి, ఊతము నిలిపి, మరల తట్టి చూచి ముందుకు సాగును. బెల్లంపల్లి బిడ్డలకు ఈ పాఠము పరాయిది కాదు. అది వారి ఇండ్లలోనే ఉన్నది.