రచయిత్రికి స్వంత వెబ్‌సైటు

“మీరు వ్రాసిన కథ లెక్కడ నున్నవి?” అని యడిగినప్పుడు మన రచయిత్రులలో పెక్కుమంది చూపునది బట్టలపెట్టె యడుగుభాగము. ఈ మాట వేళాకోళమునకు వ్రాయుట లేదు. గడచిన వేసవిలో మేము సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ముగ్గురు సోదరీమణుల యిండ్లకు పోయి, వారి రచనలను వెబ్‌సైటున నెక్కించు పనిలో తోడ్పడితిమి. కృత్రిమ మేధ, అనగా ఇప్పుడందఱును ఏఐ యని పిలుచుచున్న సాధనము, వెబ్‌సైటును తానే కూర్చి యిచ్చుచున్నది. ఆ పనిలో మాకు కలిగిన సౌకర్యములను, తగిలిన దెబ్బలను మీకు విన్నవింప దలచితిమి.

ఇదంతయు నెందులకని కొంద ఱడుగుదురు. సూర్యాపేటనుండి కోదాడకు పోవు జాతీయ రహదారిమీద నడుమ మునగాల యను నూరు తగులును. పూర్వ మది చిన్న సంస్థానము. చుట్టును నిజాము రాజ్యముండగా తాను మాత్రము కృష్ణాజిల్లాలో చేరియుండెడిది. ఆ సంస్థానమునకు దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారిని చదువరు లెఱుగుదురు. వారి యక్కగారు భండారు అచ్చమాంబగారు. ఆమె 1902 లో ‘హిందూసుందరి’ పత్రికయందు ‘ధనత్రయోదశి’ యను కథను ప్రకటించిరి. గురజాడవారి ‘దిద్దుబాటు’ వెలువడినది 1910 లో. అయినను ఎన్నో యేండ్లు తొలి తెలుగుకథ ‘దిద్దుబాటే’ యని చెప్పుకొనుచు వచ్చితిమి. పరిశోధకులు పాత సంచికలను వెదకి తీసిన పిమ్మటగాని అచ్చమాంబగారి పేరు ఆ చర్చలోనికి రాలేదు. ఏది తొలికథ యన్న వాదము నిక్కడ తేల్చుట మా పని కాదు. ఆమె 1905 లో చిన్నవయసుననే కాలధర్మము నొందిరి. ఆ కథ యున్నదని చెప్పుటకు ఆమె లేరు, చూపుటకు సులభమైన తావును లేకపోయెను.

తెలంగాణములో కవులే లేరన్న మాట యొకటి పుట్టగా, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934 లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి 354 మందిని చూపిరి. ఆ మాట పుట్టుటకు ఆ కవులు వ్రాయకపోవుట కారణము కాదు. వ్రాసినవి యొక్కచోట కనబడకపోవుట.

మన కాలమునకు వచ్చిన, అమెరికాలో నివసించిన రచయిత్రి నిడదవోలు మాలతిగారు 2001 లోనే ‘తూలిక’ యను జాలస్థలమును నెలకొల్పి, తెలుగుకథల యాంగ్లానువాదములను లోకమునకు చూపిరి. ఇచట శ్రీకాకుళములో కాళీపట్నం రామారావుగారు 1997 లో స్థాపించిన కథానిలయమువారు పాత కథల ప్రతులను వెబ్‌సైటున నుంచుట వలన, ఇంట కూర్చున్న గృహిణియు వానిని చదువగలుగుచున్నది. అయితే వెబ్‌సైటు కట్టుట నేర్పరుల పనిగానే చాలకాల ముండెను. 2016 లో విక్స్ అను సంస్థ, కొన్ని ప్రశ్నల జవాబులనుబట్టి పుటలను కూర్చు యంత్రమును ప్రవేశపెట్టినది. 2025 లో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వారును అట్టిదే తెచ్చిరి. ఇప్పు డిట్టివి పెక్కు గలవు.

పని యెట్లు జరుగునో చెప్పెదము. మీరెవరు, ఏమి వ్రాయుదురు, ఎవరు చదువవలెనని కోరుదురు అని యంత్ర మడుగును. మేము వాడినదానికి జవాబు తెలుగులోనే యిచ్చితిమి, చాలమట్టుకు గ్రహించినది. చాయ కాగునంతలో ముఖపుట, పుస్తకముల పుట, ‘నా గురించి’ యను పుట, ఉత్తరములు పంపు పుట, అన్నియు అమర్చి ముందుంచినది. రంగు నచ్చలేదన్న మార్చును. ఎన్నిమారు లడిగినను విసుగుకొనదు. ఇంతవరకు దాని గొప్ప. ఇల్లు కట్టి యిచ్చును గాని యింటిలోనికి సామాను మనమే తేవలెను. తేకున్న తనకు తోచినది తెచ్చి నింపును. చిక్కంతయు నిక్కడనే యున్నది.

సూర్యాపేట సోదరి బడిపంతులమ్మగా నుండి విరమించినవారు. ముప్పది కథలకు పైగా వ్రాసిరి. వానిని పదునైదేండ్ల క్రిందట డీటీపీ దుకాణములో కూర్పించి, ఆ ప్రతిని పదిలముగా నుంచుకొనిరి. ఫైలు తెఱచి చూడగా తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు, డాలరు గుర్తులు! ఆమె ముఖము వెలవెలబోయినది. కారణమిది. పాత ఫాంట్లలో తెలుగు అక్షరపు బొమ్మను ఇంగ్లీషు అక్షరపు స్థానమున నుంచెడివారు. ఆ ఫాంటున్న యంత్రముమీద అది ‘క’ గా కనబడును; కంప్యూటరు లెక్కలో మాత్ర మది ఇంగ్లీషు అక్షరమే. యూనికోడు పద్ధతిలో నట్లు కాదు. 1991 నుండి అందు తెలుగు అక్షరములకు వేర్వేఱు సంఖ్యలు గలవు. ఏ దేశమున ఏ ఫోనులో చూచినను ‘క’ ‘క’యే.

మేము తెలియక ఆ గజిబిజి పాఠమునే యంత్రమున కిచ్చితిమి. అది చదువరాలేదని చెప్పినచో బాగుండెడిది. చెప్పలేదు. పల్లెటూరి బాలిక, మామిడితోట, తొలకరి వాన, వీనితో తానే యొక కథ నల్లి, పంతులమ్మగారి పేర ప్రకటనకు సిద్ధపఱచినది! ఆమె కండ్లద్దములు సవరించుకొని రెండుమార్లు చదివి, “ఇది నేన్ రాసింది కాదమ్మా. నా కథల మామిడితోటే లేదు” అనిరి. మేము నవ్వితిమి గాని, ఆమె నవ్వలేదు. తాము చూడకున్న ఆ కథ తమ పేరనే నిలిచిపోయెడిది గదా యని యామె బాధ.

పాత ఫాంటును యూనికోడుగా మార్చు సాధనములు గలవు. మార్చిన పిమ్మట వత్తులు, సున్నలు అక్కడక్కడ తారుమారగును. గనుక అచ్చుకాగితము ప్రక్కన బెట్టుకొని పంక్తిపంక్తి సరిచూడవలెను. మూడు కథలకు మాకు రెండు పగళ్ళు పట్టినది. ఇంకొక సంగతి. ఈ యంత్రముల పుటలు ఇంగ్లీషు కొలతలకు కుదిర్చినవి. ఇంగ్లీషు అక్షరముల క్రింద వత్తు లుండవు. అందువలన మన ‘స్త్ర’, ‘ష్ట్ర’ వంటివి క్రింది పంక్తికి తగులుచుండును. పంక్తుల నడుమ ఎడమును అక్షరపు కొలతకు ఒకటిన్నర యింతలకు మించి యుంచుమన్నచో కుదురును. పాఠమునకు నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు కంటికి సుఖము. శీర్షికకు ‘సురవరం’ అను ఫాంటు నెన్నుకొంటిమి. అది ప్రతాపరెడ్డిగారి పేర వెలసినదే.

కోదాడ సోదరి సంగతి వేఱు. చిన్నవయసు కోడలు, యంత్రపు పని ఆమెయే మాకు నేర్పగలదు. అయితే వ్రాయునది పుట్టినింటి పేరుతో. ఆమె ఖాతా తెఱచునప్పు డిచ్చిన ఫోను నంబరును యంత్రము తీసికొనిపోయి ‘ఉత్తరములు’ పుటలో అందఱికి కనబడునట్లు ఉంచినది. వెంటనే తీసివేయించి, రచనలకై వేఱొక ఈమెయిలు పెట్టించితిమి. ఇంటి చిరునామాగాని, పిల్లల బడి పేరుగాని ఎక్కడను వ్రాయకుడు. ఛాయాచిత్ర మీయకున్న యంత్రము ఎవరిదో కల్పితమైన యందమైన ముఖమును చూపినది. ఆమె దానిని తోసివేసి, తన చేతివ్రాత పుస్తకపు ఫోటో నుంచినది. అది మాకెంతో నచ్చినది.

వెబ్‌సైటు పేరును, అనగా డొమైనును, తన పేరననే తీసికొనవలెనని యామె పట్టుబట్టినది. దుకాణమువాడు తన పేర తీసిన ఆ పేరు వానిదే యగును. సంస్థవారి పేరుతో కలిసిన చిరునామా ఉచితముగా దొరకును గాని, వారి ప్రకటనయు మన పుటపై నుండవచ్చును. డాట్ ఇన్ తో ముగియు స్వంత పేరునకు ఏటేట కిరాయి కట్టవలెను; తెలుగులిపిలో డాట్ భారత్ అనియు గలదు. మొదటి యేడు చౌకగా చూపి, రెండవ యేడు హెచ్చు వెల యడుగుట ఈ వర్తకమున సాధారణము. రెండవయేటి వెలనే ముందుగా చూడవలెను.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరితిమి. ఎడమకాలువ నీటి పొలములు, వరుసగా రైసుమిల్లులు. మిల్లులలో కైకిలికి పోవు స్త్రీలను గూర్చి అచటి సోదరి వ్రాసిన కథలు మేము చదివినవానిలో మిక్కిలి మంచివి. అవి నల్లగొండ మాటలో నుండును. అక్షరదోషములు దిద్దుమని యంత్రమున కిచ్చితిమి. దిద్దినది; దోషములతోపాటు మాటలను కూడ దిద్దినది. ‘తొవ్వ’ పోయి ‘దారి’ వచ్చినది. ‘కైకిలి’ ‘కూలి’ యయినది. ‘సోపతి’ ‘స్నేహము’గా మారెను. ‘ఆనగపుకాయ’ను సొరకాయగా కోసినది! వార్తాపత్రికలలో నెక్కువగా కనబడు తెలుగే దానికి తెలుగు, మిగిలినది తప్పు. గ్రాంథికమున వ్రాయుచున్న మేము ఈ ఫిర్యాదు చేయుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. మేము మా మాటలో వ్రాసికొందుము గాని, వారి మాటను దిద్దము.

“అక్కయ్యా, మా యాసనే నా కథ. అది పోతె ఇంకేముంటది?” అని యామె అడిగినది. మొదటినుండి మరల మొదలుపెట్టి, “ఒక్క పదమును మార్చవలదు, అనుమానమున్న చోట గుర్తు మాత్ర ముంచుము” అని ఆజ్ఞ వ్రాసితిమి. అప్పుడు చాలవఱకు విన్నది. పూర్తిగా విన్నదని చెప్పజాలము. రెండు ‘తొవ్వ’లను మరల దారి పట్టించినది. అసలుప్రతి నొకటి వేఱుగా దాచుకొనుడు.

‘నా గురించి’ పుటను యంత్రముచే వ్రాయింపకుడు. ఈమెకు రాని పురస్కార మొకటి వచ్చినట్లు వ్రాసి, చదువని కళాశాలలో చదివినట్లు చెప్పినది. చూచినవారు యంత్రము వ్రాసెననుకొనరు, ఈమె బొంకెననుకొందురు. పది పంక్తులైనను స్వయముగా వ్రాసికొనవలెను. కథలకు ప్రక్కన పెట్టుటకై అది గీసిన మిల్లుబొమ్మలో మంచుకొండలు గూడ నుండెను. మే మాసపు మిర్యాలగూడలో ఆ మంచును చూచి కొంత చల్లబడితిమి.

ఏయే కథలు పెట్టవచ్చునని యామె యడిగినది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచన హక్కు రచయిత్రిదే. ఆమె జీవితకాలమును, ఆపైన అఱువదియేండ్లును ఉండును. హక్కును వ్రాతమూలమున నెవరికైన నిచ్చి, ఎంతకాలమో వ్రాయనిచో, అయిదేండ్లుగా నెంచుమని చట్టము చెప్పుచున్నది. కనుక ప్రచురణకర్తతో వ్రాసికొన్న కాగితమును ముందు చదువవలెను. అచ్చుకాని కథలు పూర్తిగా పెట్టవలదని మా సలహా. అందఱు చూచు పుటను పోటీకి కథ పంపువారును చూతురు, ఏఐ యంత్రములును చూచును. మొదటి పుట చాలును. పుస్తకము స్వయముగా వేసికొనువారికి ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామమోహన రాయ్ జాతీయ సంస్థవారు రుసుము లేకుండ నిత్తురు.

ఒకవేళ ఆ సంస్థ మూతపడినను, కిరాయి కట్టుట మఱచినను, వెబ్‌సైటు మాయమగును. వర్డ్‌ప్రెస్ వంటివానిలో వ్రాతలను మూటగట్టి వెలికి తెచ్చుకొను వీలున్నది, కొన్నిటిలో లేదు. చేరకముందే యడుగవలసిన ప్రశ్న యిది. 1996 లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవు వారి భాండారమున మన పుట నకలు నుంచుమని కోరవచ్చును; ఖర్చు లేదు. మిర్యాలగూడ సోదరి అట్లు చేసి, కథలన్నిటిని కాగితముమీద గూడ అచ్చు తీయించి అదే బట్టలపెట్టెలో నుంచినది. కిరాయి కట్టవలసిన తేదీని వంటయింటి గోడమీది క్యాలెండరులో, పాలవాని లెక్క ప్రక్కన, ఎఱ్ఱసిరాతో వ్రాసికొన్నది.